గేటు లోపల గొలుసుకు కట్టిన కుక్కకు సాయం చేయడం ఎలా?

వీధి కుక్కల సంగతి చూసేవారు ఏ కాలనీలోనైనా ఒకరిద్దరు ఉంటారు. గేటు లోపల, మెట్ల కింద, మూడడుగుల గొలుసుతో ఏళ్ల తరబడి ఒకేచోట పడి ఉన్న ఇంటి కుక్కను మాత్రం ఎవరూ చూడరు. దానికి యజమాని ఉన్నాడు కాబట్టి అది మనకు సంబంధం లేని విషయమని అందరూ అనుకుంటారు. విజయవాడ శివారు కాలనీల్లో ఇలాంటి కుక్కల కోసం, వాటితోపాటు దిక్కులేని పిల్లుల కోసం నేను ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఉత్సాహంగా వచ్చినవారు మొదటి రోజే యజమానితో గొడవ పెట్టుకుని, ఆ గేటు మళ్లీ ఎవరికీ తెరుచుకోకుండా చేసి వెళ్లిపోవడం ఎన్నోసార్లు చూసి విసిగిపోయాను కాబట్టి, ఈ పనిని ఏ వరుసలో చేయాలో రాస్తున్నాను.

కావలసిన సామాను కొద్దిదే. నాలుగైదు సిమెంటు తొట్లు, రెండు మూడు సైజుల్లో మెత్తని మెడపట్టీలు, మధ్యలో తిరిగే కీలున్న తేలికపాటి గొలుసులు, గోనె సంచులు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. ప్లాస్టిక్ గిన్నెలు తీసుకెళ్లకూడదు, ఎందుకంటే కుక్క వాటిని కొరికి పారేస్తుంది. స్టీలువి కూడా వద్దు, అవి మర్నాటికి వంటింట్లోకి చేరతాయి. సిమెంటు తొట్టిని కుక్క బోర్లించలేదు, మనుషులు మరో పనికి వాడుకోవడం కూడా అరుదు.

బయలుదేరే ముందు బృందంలోని ప్రతి ఒక్కరూ ముందస్తు రేబీస్ టీకా వేయించుకోవాలి. మొదటి రోజు, ఏడో రోజు, 21 లేదా 28వ రోజు కలిపి మొత్తం మూడు డోసులు. ఆ టీకా ఉన్నా సరే, కుక్క కరిస్తే గాయాన్ని ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. టీకా లేనివారిని నేను వెంట తీసుకెళ్లను.

తరువాత రెండు మూడు రోజులపాటు వీధులన్నీ నడిచి చూసుకోవాలి. ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి వెళ్లాలి. ఉదయం నీడలో ఉన్నట్టు కనిపించిన కుక్క మధ్యాహ్నానికి నేరుగా ఎండలో ఉండవచ్చు. గొలుసు ఎంత పొడవుంది, నీళ్లు దానికి అందుతున్నాయా, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్నాయా, చర్మం మీద గజ్జి గానీ చెవుల్లో గోమార్లు గానీ ఉన్నాయా అన్నది పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది.

ఇక అసలు కష్టమైన ఘట్టం గేటు దగ్గర మొదటి మాట. మిగిలిన పనులన్నీ ఎవరైనా రెండు రోజుల్లో నేర్చుకోగలరు గానీ, ఈ ఐదు నిమిషాలు చెడితే తరువాత చేయడానికి ఏ పనీ మిగలదు.

సాయంత్రం ఐదు నుంచి ఆరు మధ్యనే వెళ్లాలి. ఆదివారం ఉదయం ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు, ఎందుకంటే ఆ వేళ ఇంట్లో చుట్టాలుంటారు, చుట్టాల ముందు మాట పడటానికి ఎవరూ ఇష్టపడరు. ఇద్దరే వెళ్లాలి. ముగ్గురు వెళితే ఇంటివారికి దండయాత్రలా కనిపిస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు నలభై దాటిన ఆడవారై ఉండాలి. ఇది నా అనుభవంలో తప్పనిసరి నియమం. సంఘం పేరు అచ్చువేసిన టీషర్టులు వేసుకుని వెళ్లేవారిని కూడా చూశాను. అవి ఇంటివారికి చందాల కోసం వచ్చినవారినో, తనిఖీకి వచ్చినవారినో గుర్తు చేస్తాయి.

ఫోను జేబులోంచి బయటికి రాకూడదు. ఈ పొరపాటు నేనే చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మొదట్లో ఒక ఇంటి ముందు, మెడ పుండుపడిన కుక్కను డాక్టరుకు చూపించాలన్న ఉద్దేశంతోనే ఒక ఫోటో తీశాను. ఆ ఇంటాయన ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్లిపోయాడు. మర్నాటికి కుక్కను ఇంటి వెనక్కి, బయటి నుంచి కనిపించని చోటికి మార్చేశారు. ఆ తరువాత ఆరు నెలలు ఆ వీధిలో తిరిగినా ఆ కుక్క నాకు మళ్లీ కనిపించలేదు. వీడియో తీసి నలుగురికీ పంపితే యజమాని సిగ్గుపడి మారతాడని చెప్పేవారు నేటికీ ఉన్నారు. సిగ్గుపడిన యజమాని కుక్కను మరింత లోపలికి దాచడమే నేను చూశాను.

మొదటి వాక్యం కుక్క దుస్థితి గురించి కాకూడదు. నేను సాధారణంగా ఇలా మొదలుపెడతాను: "నమస్కారమండీ, మేము పక్క వీధిలోనే ఉంటాం. ఎండలు ముదిరాయి కదా, కుక్కలున్న ఇళ్లకు నీళ్ల తొట్లు ఇస్తున్నాం. మీ కుక్క పేరేమిటండీ?" ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. పేరు చెప్పగానే మనం కూడా ఆ పేరుతోనే దాన్ని పిలవాలి, అప్పుడు ఇంటివారి ముఖం కొంత సడలుతుంది. పేరు పెట్టలేదని చెబితే, ఆ ఇంట్లో ఆ కుక్క ఎవరిదీ కాదని అర్థం చేసుకుని, దాన్ని ఎవరు తెచ్చారో నెమ్మదిగా అడగాలి.

ఈ అడగడంలోనే చాలాసార్లు అసలు సంగతి బయటపడుతుంది. కొడుకు ఇంజినీరింగ్ చదివే రోజుల్లో ముచ్చటపడి లాబ్రడార్ పిల్లను కొంటాడు. తరువాత ఉద్యోగం వచ్చి బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోతాడు. ముప్పై కిలోల కుక్కను పట్టి ఆపలేని అరవై ఏళ్ల తల్లి, అది మీద పడుతుందన్న భయంతో దాన్ని మెట్ల కింద కట్టేసి, దూరం నుంచి గిన్నె తోస్తుంది. ఆమెను క్రూరురాలని అనుకుని వెళ్లినవారు అక్కడ ఏమీ సాధించలేరు. "మీకూ ఇబ్బందే కదా పిన్నిగారూ, దీన్ని నడిపించడానికి ఎవరైనా దొరికితే బాగుంటుందా?" అని అడిగినప్పుడు, ఆమె తనంతట తానే గేటు తీసిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి. కట్టేసి ఉంచితేనే కుక్క రోషంగా కాపలా కాస్తుందని నమ్మే మగవారితో మాట్లాడటం దీనికంటే కష్టం. వారితో వాదించకుండా, కదల్లేని కుక్క దొంగ దగ్గరికి ఎలా వెళ్తుందని ఒక్కసారి అడిగి ఊరుకోవాలి.

చట్టం గురించి మొదటి రోజు నోరెత్తకూడదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ మరీ పొట్టి గొలుసుతో అదే పనిగా కట్టి ఉంచడాన్ని, ఎప్పుడూ కట్టి ఉంచే కుక్కను బొత్తిగా నడిపించకపోవడాన్ని, తగినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని నేరాలుగానే చెబుతుంది. అయితే మొదటిసారి తప్పుకు ఆ చట్టం వేసే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ మాట చెప్పి బెదిరించబోయిన ఒక కుర్రవాడి చేతిలో యజమాని వంద రూపాయల నోటు పెట్టి, రెండేళ్లకు సరిపడా ఉంచుకోమన్నాడు. కేసు పెడదామనేవారు ముందు ఈ అంకె తెలుసుకోవాలి. కుక్కను కొట్టి అవయవాలు విరగ్గొట్టడం, విషం పెట్టడం వేరే సంగతి. వాటికి భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది కాబట్టి, అలాంటి చోట మాటలతో కాలయాపన చేయకుండా నేరుగా పోలీస్ స్టేషనుకే వెళ్లాలి.

"మా కుక్క, మా ఇష్టం" అన్నవారికి చెప్పవలసిన జవాబు ఒక్కటే: "అవునండీ, మీదే. అందుకే మిమ్మల్ని అడగడానికి వచ్చాం." ఆ మాట అని, తొట్టిని గేటు పక్కన పెట్టి, వెనుదిరగాలి. నాలుగో రోజు మళ్లీ వెళ్లాలి. మర్నాడే వెళితే పట్టుబట్టినట్టుంటుంది, వారం తరువాత వెళితే మనల్ని మరచిపోతారు.

కుక్కను మాకు ఇచ్చేయమని మొదటి రోజు అడగడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఒకవేళ వారు ఒప్పుకుని ఇచ్చేసినా, మూడు నెలలు తిరక్కుండా అదే గొలుసుకు ఇంకో పిల్ల వస్తుంది. ఒకే ఇంట్లో ఇలా వరుసగా మూడు కుక్కలను నేను చూశాను. కుక్కను తీసుకెళ్లి షెల్టరులో వదిలి, ఒక ప్రాణం కాపాడామని సంతోషించేవారికి ఆ రెండో పిల్ల, మూడో పిల్ల లెక్కలోకి రావు. యజమాని చేతి అలవాటు మార్చడానికే నేను గేటు దగ్గర ఇంతసేపు నిలబడతాను. అందుకే తొట్టిలో మొదటి నీళ్లు మనం పోయకూడదు. తొట్టిని వారి చేతికే ఇచ్చి, వారినే నీళ్లు పోసి కుక్క ముందు పెట్టమనాలి. మనం గేటు ఊచల మధ్య చేయి పెట్టకూడదు, కుక్క కళ్లలోకి సూటిగా చూడకూడదు. గొలుసుకు అలవాటుపడిన కుక్క పారిపోయే దారి లేక ముందు కరుస్తుంది. నోట చొంగ కారుతూ తూలుతున్నా, స్వభావం ఒక్కసారిగా మారినా, ఇంటివారిని కూడా దగ్గరికి వెళ్లవద్దని చెప్పి పశువైద్యుడికి కబురు చేయాలి.

గేటు తెరుచుకున్న తరువాత పనులు త్వరగా సాగుతాయి. మెడపట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. పట్టీ చర్మంలోకి దిగిపోయి ఉంటే దాన్ని మనం కత్తిరించకుండా డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి. గొలుసు విప్పడానికి ఇంటివారు ఒప్పుకోకపోతే దండెం పద్ధతి చెప్పాలి. రెండు స్తంభాల మధ్య గట్టి తీగ లాగి, గొలుసు చివరి రింగును ఆ తీగకు వేస్తే, బట్టల దండెం మీద హ్యాంగరు జరిగినట్టు కుక్క ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిరగగలుగుతుంది. అయితే ఆ తీగ ప్రహరీ గోడకు గానీ మెట్లకు గానీ దగ్గరగా ఉండకూడదు. కుక్క గోడ మీదికి ఎగిరి అవతలికి జారితే అదే గొలుసు ఉరి అవుతుంది. పడుకోవడానికి వేసే గోనె సంచిని వానాకాలంలో తడిసిన రోజే మార్చాలి. బాగా చిక్కిపోయిన కుక్కకు జాలితో ఒకేసారి కడుపునిండా పెడితే ప్రాణానికే ముప్పు కాబట్టి, మొదటి రోజుల్లో పెరుగన్నం, ఉడికించిన గుడ్డు వంటివి కొద్దికొద్దిగా నాలుగైదు సార్లు పెట్టించాలి. ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరలు, ఉడికించిన కోడి ఎముకలు పెట్టకూడదు. గజ్జికి వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాసే అలవాటు ఇప్పటికీ పోలేదు. అది చర్మంలోంచీ, నాకినప్పుడు నోట్లోంచీ ఒంట్లోకి వెళుతుందని ఇంటివారికి అర్థమయ్యేలా చెప్పాలి.

రేబీస్ టీకా, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ ఈ మూడింటికీ పశువైద్యశాలకు తీసుకెళ్లే రోజున యజమాని ఇంటి నుంచి ఒకరైనా వెంట రావాలి. వారు రాకపోతే నేను ఆ రోజు ప్రయాణమే మానుకుంటాను. వీధి కుక్కలకు ఆపరేషన్ చేయించే బాధ్యత స్థానిక సంస్థలది, ఇంటి కుక్క విషయంలో అది యజమానిదేనని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. కాబట్టి మున్సిపాలిటీ వ్యాను వచ్చి తీసుకెళ్తుందని ఎదురుచూడకుండా, ఖర్చులో సగమైనా ఇంటివారి చేత పెట్టించాలి. డబ్బు పెట్టినవారు కుట్లు ఎండేదాకా కుక్కను కాస్త జాగ్రత్తగా చూస్తారు. ఆడకుక్క ఒక్క ఈతయినా ఈనాలనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. అలా ఈనవలసిన అవసరమేమీ లేదని మనం కాకుండా డాక్టరు చేతనే చెప్పించాలి.

పిల్లుల విషయంలో గేటు దగ్గర మాటలు అంతగా అక్కర్లేదు, ఎందుకంటే అవి సాధారణంగా ఎవరివీ కావు. పిల్లలను ఈనిన పిల్లిని గోనె సంచిలో వేసి కూరగాయల మార్కెట్ దగ్గర వదిలిరావడమే పరిష్కారమని నమ్మేవారికి, ఆ ఖాళీలోకి నెలలోపు మరో పిల్లి వస్తుందని చెప్పి, ఉన్న పిల్లికే ఆపరేషన్ చేయించమనాలి. మూత ఉన్న బోను లేకుండా పిల్లిని పట్టబోవద్దు. జ్వరమని పారాసెటమాల్ మాత్ర వేస్తే పిల్లి చచ్చిపోతుంది. కుక్కల గోమార్లకు వాడే పర్మెత్రిన్ మందు కూడా దానికి విషమే. పాలు పోసి పెద్ద మేలు చేశామనుకునేవారు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగక విరేచనాలు పట్టుకుంటాయని గ్రహించి, శుభ్రమైన నీళ్లు పెడితే చాలు.

నాలుగో సందర్శనకు వెళ్లినప్పుడు ముందు తొట్టినే చూడాలి. మనం గేటు తట్టకముందే అందులో నీళ్లుంటే, ఆ ఇంటికి ఇకమీదట నెలకోసారి వెళ్లినా సరిపోతుందని పుస్తకంలో రాసుకోవచ్చు. తొట్టిలో తులసి మొక్క నాటి ఉంటే, దాని గురించి ఒక్క మాట కూడా అనకుండా, సంచిలోంచి ఇంకో తొట్టి తీసి ఇంటివారి చేతికి ఇవ్వాలి.