ఎయిర్ రైఫిల్ గురి తప్పుతోందా? ముందు టేబుల్ చూడండి

తూటాలు ఇంట్లోనే నింపుకునే సామాను కొనొచ్చా అని తిరుపతిలో నన్ను అడిగినవాళ్లందరికీ ఒకటే జవాబు చెప్తాను: వద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. కాల్చే సరదా తీరాలంటే 4.5 మి.మీ. బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌల్స్ శక్తి మించని ఎయిర్ రైఫిల్ చాలు, దానికి లైసెన్సు అక్కర్లేదు. కాల్చడానికి 10 మీటర్లు, అంటే దాదాపు 33 అడుగుల దూరం కావాలి. హాల్లోంచి వెనక గది గోడ దాకా కలిసొస్తే సరిపోతుంది.

పెల్లెట్లు (సీసం గుళ్లు) కాగితం మీద చెల్లాచెదురుగా పడుతున్నాయి

ఎక్కువమందికి వచ్చే తలనొప్పి ఇదే. వెంటనే కొత్త స్కోపు (గురి చూసే దుర్భిణి) కొంటారు, డబ్బు దండగ. స్ప్రింగ్ రైఫిల్ (స్ప్రింగ్ పిస్టన్‌ని తోసి, ఆ గాలి ఒత్తిడితో పెల్లెట్‌ని పంపేది) పేలినప్పుడు ముందుకీ వెనక్కీ రెండుసార్లు కుదుపుతుంది. ఆ కుదుపుకి తుపాకీని దాని కర్ర పిడికి బిగించిన స్క్రూలు వదులవుతాయి. ముందు వాటిని బిగించండి, తర్వాత స్కోపుని తుపాకీకి పట్టి ఉంచే మౌంటు స్క్రూలు.

అయినా తగ్గకపోతే తప్పు ఆనించిన చోటే ఉంటుంది. గట్టి చెక్క మీద పెడితే తుపాకీ ఎగిరి పడుతుంది, పెల్లెట్ ఎక్కడికో పోతుంది. మెత్తటి సంచి కావాలి. నేను మొదట రాగులు నింపాను, సంకటికి తెచ్చినవే. వారానికే ఎలుకలు సంచి కొరికేశాయి, ఇంట్లో అక్షింతలూ పడ్డాయి. తర్వాత జల్లించి ఆరబోసిన ఇసుక నింపాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను. తుపాకీని బిగించి పట్టుకోకండి. ఎడమ అరచెయ్యి సంచి మీద పెట్టి, దాని మీద తుపాకీని వదులుగా ఆనించండి, కుదుపుని దాని మానాన పోనివ్వండి.

టేబుల్ ఊగితే ఇదంతా వృథా. టైల్స్ మీద ఒక కాలు ఎత్తుగా ఉంటే కింద అట్టముక్క దోపండి. పోటీల్లో టార్గెట్ మధ్యభాగం నేలకి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అది నిలబడి కాల్చేవాళ్లకి. మీరు కూర్చుని కాలుస్తారు కాబట్టి గొట్టం ఎత్తుకే దించండి.

ఇవన్నీ చేశాకే పెల్లెట్లు మార్చి చూడండి. ఒక్కో గొట్టానికి ఒక్కో పెల్లెట్ నప్పుతుంది. రెండు మూడు రకాలు తెచ్చి, రకానికి అయిదు చొప్పున కాల్చి, ఏది దగ్గరగా పడుతుందో చూడండి. డబ్బా అడుగున నలిగినవి, పావడా (వెనక అంచు) వంగినవి పక్కన పడేయండి.

పొగ, కాలిన వాసన, మామూలు కంటే పెద్ద చప్పుడు

నూనె ఎక్కువైంది. గాలి నొక్కుకుని వేడెక్కినప్పుడు అది మండుతోంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోసినవాణ్ని నేను చూశాను! గొట్టం పొడిగుడ్డతో తుడిచి, పెల్లెట్ పెట్టి కొన్నిసార్లు కాల్చండి, తగ్గిపోతుంది. పెల్లెట్ లేకుండా మాత్రం కాల్చకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

నెలలు గడిచేకొద్దీ పెల్లెట్ కిందికి పడుతోంది

స్ప్రింగ్ అలిసిపోయింది, లేదా పిస్టన్ సీలు అరిగింది. మెకానిక్ పని, మీరు విప్పకండి. బిగుసుకున్న స్ప్రింగ్ విప్పితే ముఖానికి తగులుతుంది. కాల్చనప్పుడు రైఫిల్ స్ప్రింగ్‌ని బిగించి (లోడు చేసి) ఉంచకపోతే స్ప్రింగ్ ఎక్కువకాలం వస్తుంది.

స్కోపులో టార్గెట్ మసకగా ఉంది

చాలా స్కోపులు దూరపు గురికి సెట్ చేసి వస్తాయి. 10 మీటర్లకి ఫోకస్ దిగేది కావాలి, పైగా స్ప్రింగ్ కుదుపు తట్టుకునేదని రాసి ఉండాలి.

పెల్లెట్ వెనక్కి ఎగిరి వస్తోంది

వెంటనే ఆపేయండి. టార్గెట్ వెనక ఇనప రేకు నేరుగా పెడితే ఇంతే. చెక్కపెట్టె నిండా పాత గుడ్డలు కుక్కి, దాని వెనక రేకు పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. మేడ మీద మాత్రం వద్దు. మన దగ్గర కోతులు వస్తాయి, పక్కింటి పిల్లలు పిట్టగోడ మీద తల పెడతారు. పెల్లెట్లు సీసంతో చేసినవి, కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కునే అన్నం కంచం ముట్టుకోండి.