బొబ్బర్ల గారె నుంచి చెరుకు సారా దాకా: బ్రెజిల్‌లో ఏం తినాలి, ఎలా అడగాలి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి బ్రెజిల్ వెళ్ళేవాళ్ళకి మొదటి బెంగ తిండి గురించే. నిజానికి అక్కడి వంటింటి సరుకుల్లో సగం మన బజారులో దొరికేవే: బొబ్బర్లు, కర్రపెండలం, కొబ్బరి, బెండకాయ, చెరుకు. చిక్కంతా కంటికి కనబడకుండా కలిసిపోయే మాంసంతోనే. అక్కడి పోర్చుగీసు భాషలో ‘సేం కార్ని’ అంటే మాంసం లేకుండా అని. కానీ అలా అడిగితే చాలాచోట్ల గొడ్డుమాంసం ఒక్కటే తీసేసి, కోడినో పంది హామ్‌నో ఉంచేస్తారు. అందుకే ‘ఫ్రాంగు’ (కోడి), ‘ప్రెజుంతు’ (హామ్), ‘పెయిషి’ (చేప) కూడా వద్దని పేరుపేరునా చెప్పాలి. ఉత్త చిక్కుళ్ళ కూర అనుకున్నదాంట్లోనూ బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం) ముక్క వేసి ఉడికిస్తారు. చిన్న చిన్న జున్ను (చీజ్) రొట్టెలు ‘పావ్ జి కేజు’లో గుడ్డు ఉంటుంది.

భాష రానివాళ్ళు మొదటి రెండు రోజులూ ‘పోర్ కీలు’ హోటళ్ళలోనే తినడం మేలు. పళ్ళెం తీసుకుని, కావలసినవి వడ్డించుకుని, తూకం వేయించి చీటీ తీసుకోవాలి. డబ్బు బయటికి వెళ్ళేటప్పుడు కట్టాలి. చీటీ పోతే జరిమానా వేసే హోటళ్ళున్నాయి. పన్నెండు, ఒంటిగంట మధ్య వెళ్తే అన్నీ వేడిగా ఉంటాయి.

బయీయా రాష్ట్రంలోని సాల్వదోర్ వెళ్తే అకరజె తినకుండా రావద్దు. మన బొబ్బర్ల గారెకు ఇది దగ్గరి చుట్టం. పశ్చిమ ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన యోరుబా జనం దీన్ని అక్కడికి చేర్చారు. తెల్లటి బట్టలు కట్టి వీధిలో దీన్ని అమ్మే ఆడవాళ్ళ వృత్తిని 2005లో జాతీయ వారసత్వంగా నమోదు చేశారు. గారెను వేయించేది దెండే నూనెలో. మన దుకాణాల్లో దొరికే పామాయిలూ అదే జాతి పండుదే, కాకపోతే శుద్ధి చేశాక దాని ఎరుపూ వాసనా పోతాయి. అలవాటు లేని కడుపు దెండేకి తిరగబడుతుంది, కాబట్టి మొదటి రోజు ఒక్కటే తినండి.

గారెను చీల్చి వటపా (రొట్టె, కొబ్బరిపాలతో చేసే ముద్ద), కరురు, ఎండురొయ్యలు కూరుతారు. శాకాహారులు రొయ్యలు ఒక్కటీ వద్దంటే సరిపోదు. వటపాలోనూ, బెండకాయతో చేసే కరురులోనూ రొయ్యపొడి ఉంటుంది. టమాటా ముక్కలు, కారం మాత్రం వేయించుకోవాలి. ‘కెంచి?’ అని అడిగితే కారం బాగా వెయ్యమంటారా అని. మనవాళ్ళు ధైర్యంగా ఔననొచ్చు.

ప్రయాణానికి ముందు ఇంట్లోనే చేసి చూడొచ్చు. అరకిలో బొబ్బర్లు బద్దలుగా విరిచి, నాలుగైదు గంటలు నానబెట్టి, పొట్టు పూర్తిగా పోయేదాకా కడగాలి. పొట్టు మిగిలితే పిండి నల్లబడి గారె బరువెక్కుతుంది. ఒక పెద్ద ఉల్లిపాయ వేసి, నీళ్ళు పోయకుండా రుబ్బాలి. నీళ్ళు పడితే నూనెలో విడిపోతుంది. ఉప్పు కలిపి, పిండి తేలికై ఉబ్బేదాకా చెక్క గరిటెతో గిలక్కొట్టాలి. చాలామంది బద్ధకించేది ఇక్కడే, గారె లోపల గట్టిగా రాయిలా మిగిలేదీ ఇందుకే.

ఉదయం పూట టాపియోకా తినండి. కర్రపెండలం పిండితో చేసే అట్టు ఇది. పావుకిలో పిండికి సుమారు 120 మిల్లీలీటర్ల నీళ్ళు కొంచెం కొంచెంగా చల్లి, పావుగంట ఆగి జల్లెడ పట్టాలి. నూనె రాయని పెనం మీద పొడిగానే పరిస్తే, ఆ తడికీ వేడికీ పిండి తనంతట తానే అతుక్కుంటుంది. అంచు లేచాక తిప్పి, కొబ్బరో జున్నో పెట్టి మడవాలి. చల్లారితే రబ్బరులా సాగుతుంది. సగ్గుబియ్యం పొడి చేసి వేస్తే ఇలా రాదు, తయారీలోనే దానికి వేడి తగిలి ఉంటుంది.

ఫెయ్జొవాడ నల్ల చిక్కుళ్ళతో పంది చెవులు, కాళ్ళు, ఉప్పు పట్టిన గొడ్డుమాంసం కలిపి ఉడికించే కూర. రియోలో శనివారం, సావ్ పౌలోలో బుధ, శనివారాల్లో మధ్యాహ్నం దొరుకుతుంది. తిన్నాక ఏ పనీ పెట్టుకోవద్దు. చేప తినేవాళ్ళకి మొకెకా అనే చేపల పులుసు ఉంది. బయీయాలో కొబ్బరిపాలు, దెండే వేస్తారు. ఎస్పిరిటు సాంటు రాష్ట్రంలో ఆ రెండూ వెయ్యరు. గోపాల్‌పూర్ చేపల కూర అలవాటైన నోటికి మొదటిదే నచ్చుతుంది.

తాగడానికి సంతల్లో చెరుకు రసం, దాని పక్కనే జున్ను కూరి నూనెలో వేయించిన పాస్తెల్ (కజ్జికాయ లాంటిది). గడ శుభ్రంగా కడిగి తిప్పే బండి దగ్గరే తాగండి. 2005లో శాంటా కతరీనా రాష్ట్రంలో చెరుకు రసం తాగినవాళ్ళకి గుండెను దెబ్బతీసే షాగస్ జబ్బు సోకింది, గడతోపాటు ఆ జబ్బు మోసే పురుగు నలగడమే కారణం. జీడిమామిడి పండు రసం తప్పక చూడాలి. ఆ చెట్టు పుట్టిల్లే ఈశాన్య బ్రెజిల్. మన తోటల్లో గింజ ఒలుచుకుని పారేసే పండును అక్కడ వడగట్టి, పంచదార వేసి ఇస్తారు. కొంచెం గొంతు పట్టేస్తుంది.

మందు తీసుకునేవాళ్ళకి కైపిరీన్యా. నిమ్మకాయ కోసి, మధ్యలోని తెల్ల ఈనె తీసేసి, రెండు చెంచాల పంచదారతో మెత్తగా నొక్కి, 60 మిల్లీలీటర్ల కషాసా, ఐసు వేయాలి. గట్టిగా దంచితే తొక్క చేదు దిగుతుంది. కషాసా అంటే చెరుకు రసం పులియబెట్టి కాచిన సారా, 38 నుంచి 48 శాతం ఘాటు. తియ్యగా ఉండటంతో ఆ ఘాటు నాలుకకు తెలియదు, కాబట్టి రెండో గ్లాసుకు ముందు ఏదైనా తినండి.