ఇంగ్లిష్ వాల్‌నట్ సొరుగుల పెట్టెపై పూల మార్క్వెట్రీ, 4వ పాఠం: వేడి ఇసుకతో రేకుకు నీడ

మార్క్వెట్రీ అంటే పలచటి చెక్క ముక్కలను పక్కపక్కన అతికి బొమ్మ కూర్చే పని. పాత పెట్టె మీద ఊడిపోయిన పూరేకు ఆకారాన్ని కాగితం మీదికి ఎత్తి, తెల్లటి హోలీ చెక్క వెనీర్ (పలచటి చెక్క పొర) మీద అంటించి, ఫ్రెట్ రంపంతో గీతకు కాస్త బయటగా కోయడం గత పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ ముక్కకు నీడ పట్టించాలి.

1660లో రెండో చార్లెస్ గద్దెనెక్కాక డచ్ పనితనం ప్రభావంతో ఇంగ్లండులో ఈ పూలు వ్యాపించాయి. 1670-1700 నాటి మంచి సొరుగు పలకను దగ్గరగా చూడండి: తులిప్ రేకు అంచున గోధుమరంగు మొదలై, మధ్యకు వచ్చేసరికి తెలియకుండానే తెలుపులో కలిసిపోతుంది. అక్కడ పూసిన రంగేమీ లేదు, వేడికి చెక్క కమిలిందంతే. మన విశాఖపట్నం పనివాళ్లు 18వ శతాబ్దంలో దంతం మీద పూలను గీతలుగా చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. ఇంగ్లిష్ పూలకు ఆ పని నిప్పు చేసింది.

సన్నటి ఇసుకను కడిగి, ఎండబెట్టి, జల్లించండి. మందపాటి ఇనుప మూకుడులో 4-5 సెం.మీ. లోతున పోసి సన్న సెగ మీద పెట్టండి. అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ. నీడ క్రమంగా పలచబడేది ఈ తేడా వల్లే, కాబట్టి ఇసుకను ఊరికే కలపకండి. ముందు అదే చెక్క తుంటను ముంచి చూడండి. 8-10 సెకన్లలో లేత గోధుమరంగు రావాలి. రెండు సెకన్లకే నల్లబడితే సెగ తగ్గించి ఆగండి.

రేకును పట్టకారుతో పట్టుకుని, నీడ కావలసిన అంచునే నిలువుగా దించండి. తీసి చూసి, చాలకపోతే మళ్లీ దించండి. రేకు నడుమ నీడ కావాలంటే ముంచడం కుదరదు. చెంచాతో వేడి ఇసుకను అక్కడే కుప్పగా పోయాలి. తర్వాత పైపొరను స్క్రేపర్‌తో కాస్త గీకుతాం కనుక, కావలసిన దానికన్నా ఒక్క పిసరు ముదురుగానే ఉంచండి.

ఎక్కువమంది పాడుచేసేది ఇక్కడే. తొందరపడి బాగా వేడెక్కిన ఇసుకలో ముంచితే పైన బొగ్గవుతుంది, లోపల తెల్లగానే ఉంటుంది. బొగ్గయిన అంచు పెళుసు. జిగురు పట్టదు, ఆకురాయి తగలగానే రాలిపోతుంది. అలాంటి ముక్కను పారేసి కొత్తది కోయండి. నిదానంగా కాలిస్తే రంగు లోపలి దాకా దిగుతుంది.

ఇంకొకటి: వేడికి తేమపోయి చెక్క నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. వెంటనే ఖాళీలో పెట్టి చూస్తే వదులుగా అనిపిస్తుంది. తడిగుడ్డతో ఒకసారి తుడిచి, రెండు చదును పలకల మధ్య బరువు పెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాడు సన్న ఆకురాయితో అంచులు సరిచేయండి.

మందం విషయంలో రాజీ వద్దు. పాత వెనీర్ రంపంతో కోసినది, సుమారు 1.5-2 మి.మీ. ఉంటుంది. ఇప్పుడు దుకాణంలో దొరికే 0.6 మి.మీ. వెనీర్ పెడితే రేకు గుంటలో పడినట్టుంటుంది. దాన్ని సమం చేద్దామని చుట్టూ ఉన్న పాత వాల్‌నట్‌ను గీకితే, మూడు శతాబ్దాల పై మెరుగు పోతుంది. అది తిరిగి రాదు. రంపంతో కోసిన వెనీరే వెతికి తెచ్చుకోండి.

వచ్చే పాఠంలో రేకును అతికిస్తాం. జంతు జిగురు గుళికలను చన్నీళ్లలో ముందురోజు రాత్రే నానబెట్టి ఉంచండి.