సంతకాలున్న ఫైటర్ విమానాల ప్రింట్లు: కొనే ముందు, కొన్నాక

రెండో ప్రపంచ యుద్ధపు ఫైటర్ విమానాల ప్రింట్లకు ధర తెచ్చేది కింది మార్జిన్‌లో పెన్సిల్‌తో పెట్టిన సంతకాలే. అవి లేకపోతే అదే బొమ్మ పోస్టరు కింద లెక్క. అందుకే ఆకాశం రంగులు చూసి మురిసిపోయే ముందు ఆ తెల్లటి అంచును వేలెడు వేలెడు చొప్పున చదవాలి.

అక్కడ సాధారణంగా మూడు ఉంటాయి: చిత్రకారుడి సంతకం, 212/500 లాంటి నంబరు, పైలట్ల సంతకాలు. 500 కాపీల్లో ఇది 212వది అని అర్థం. చిన్న నంబరుకు ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు. రాగి పలక మీద బొమ్మ గీసి అచ్చు తీసే పాత ఎచింగుల్లో పలక అరిగిపోయేది కాబట్టి ముందు తీసిన కాపీ మెరుగ్గా ఉండేది. యంత్రంతో వేసే ఆఫ్‌సెట్ అచ్చులో మొదటిదీ చివరిదీ ఒకటే. దీనికంటే ముఖ్యమైన ప్రశ్న, మొత్తం ఎన్ని కాపీలు వేశారన్నది. 500 కాక ఆర్టిస్ట్ ప్రూఫులు, పబ్లిషర్ ప్రూఫులు (చిత్రకారుడి కోసం, ప్రచురణకర్త కోసం తీసిన కాపీలు) విడిగా ఉంటాయి, వాటినీ కలిపి లెక్కేయండి. చిత్రకారుడు మార్జిన్‌లో చేత్తో చిన్న బొమ్మ గీసి ఇచ్చిన కాపీని రిమార్క్ అంటారు. ఎక్కువ ధర న్యాయంగా అడగదగ్గది దానికే.

ఇక ఆ యుద్ధంలో పేరున్న పైలట్లు చనిపోయిన తేదీలు. డగ్లస్ బాడర్ 1982 సెప్టెంబరులో, స్టాన్‌ఫర్డ్ టక్ 1987 మేలో, ఎరిక్ హార్ట్‌మన్ 1993 సెప్టెంబరులో, అడాల్ఫ్ గాలండ్ 1996 ఫిబ్రవరిలో, జానీ జాన్సన్ 2001 జనవరిలో, గుంటర్ రాల్ 2009 అక్టోబరులో చనిపోయారు. ప్రింటు వెలువడిన సంవత్సరాన్ని ఈ తేదీల పక్కన పెట్టి చూస్తే చాలా నకిలీలు అక్కడే దొరికిపోతాయి. ఒక మెలిక ఉంది: ఖాళీ కాగితాల మీద ముందే సంతకాలు పెట్టించి, బొమ్మ తర్వాత అచ్చు వేయడం ఈ రంగంలో ఉన్నదే. అలాంటప్పుడు ఆ సంగతి ప్రింటుతో పాటు ఇచ్చే సర్టిఫికెట్‌లో రాసి ఉండాలి. ఈ ప్రింట్లు రాకముందే, 1941 నవంబరులో పోయిన మోల్డర్స్, 1942 సెప్టెంబరులో పోయిన మార్సెయ్ అనే జర్మన్ పైలట్ల సంతకాలైతే ఏ ప్రింటు మీదా నేరుగా ఉండే వీల్లేదు. పాత ఉత్తరం నుంచో ఫొటో నుంచో కత్తిరించి బొమ్మ కింద విడిగా అమర్చినవే ఉంటాయి. వాటిని వేరుగా రుజువు చేసుకోవాలి. ప్రింటు సర్టిఫికెట్ వాటికి పనికిరాదు.

తర్వాత 10 రెట్ల భూతద్దం. లైటును పక్కనుంచి ఏటవాలుగా పడనిచ్చి కాగితాన్ని కొంచెం అటూ ఇటూ వంచండి. నిజమైన పెన్సిల్ గీత బూడిదరంగులో సన్నగా మెరుస్తుంది, దాని పొడి కాగితపు గరుకు మీద పైపైన అంటుకుని ఉంటుంది, గట్టిగా నొక్కిన చోట చిన్న గాడి కనిపిస్తుంది. అచ్చు సంతకమైతే రంగు చుక్కలు బయటపడతాయి: ఆఫ్‌సెట్‌లో పువ్వు రేకుల్లా గుంపులుగా, జిక్లేలో (ఇంక్‌జెట్ యంత్రంతో వేసిన ఆర్ట్ ప్రింటులో) తుంపర చల్లినట్టు. రబ్బరుతో చెరిపి చూద్దామని మాత్రం అనుకోకండి. రెండు కాపీల సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా కలిసిపోతున్నాయా? అయితే అది యంత్రం పని. మనిషి చెయ్యి రెండుసార్లు ఒకేలా తిరగదు.

పోలిక చూసేటప్పుడు జాగ్రత్త. ఈ ప్రింట్లలో చాలావాటి మీద పైలట్లు సంతకం పెట్టింది ముసలితనంలో. 1941 నాటి కాగితంతో పోల్చి, చెయ్యి వణికింది కాబట్టి దొంగదని తేల్చేయడం తప్పు. అదే వయసులో పెట్టిన సంతకాలతోనే పోల్చాలి.

బొమ్మకూ సంతకానికీ సంబంధం ఉంటే విలువ పెరుగుతుంది. బాడర్ 1941లో టాంగ్మియర్ వింగ్ (ఇంగ్లండ్‌లోని టాంగ్మియర్ స్థావరపు ఫైటర్ స్క్వాడ్రన్ల బృందం) నడిపినప్పుడు తన స్పిట్‌ఫైర్ విమానం మీద డి-బి అని తన పొడి అక్షరాలే రాయించుకున్నాడు. ఆ అక్షరాలున్న విమానం కింద ఆయన సంతకం ఉండటం వేరు, ఏదో ఒక స్పిట్‌ఫైర్ కింద ఉండటం వేరు. సర్టిఫికెట్‌లో లేని పేరు మార్జిన్‌లో కనిపిస్తే, ఎక్కడ ఎప్పుడు పెట్టించారో ఆధారం అడగండి. లేకపోతే ఆ సంతకానికి సున్నా లెక్కేసి ధర మాట్లాడండి.

ఫ్రేములో ఉన్నదాన్ని విప్పించి చూడకుండా కొనొద్దు. మార్జిన్ కత్తిరించారా, అట్టకు పూర్తిగా అతికించేశారా (డ్రై మౌంట్), ఆమ్లం ఉన్న మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ కిటికీలా కోసి పెట్టే అట్ట) అంచున గోధుమరంగు గీత పడిందా అన్నవి గాజు వెనక తెలియవు. అతికించినదాన్ని ఊడదీయడం దాదాపు అసాధ్యం.

మళ్లీ ఫ్రేము కట్టించేటప్పుడు ఆమ్లం లేని బోర్డు, అతినీలలోహిత కిరణాలను ఆపే గాజు వాడమనండి. ప్రింటును పై అంచున రెండు చోట్ల మాత్రమే, జపనీస్ కాగితపు పట్టీలతో, గోధుమ పిండి జిగురుతో వేలాడదీయాలి. తేమకు కాగితం సాగి ముడుచుకుంటుంది. నాలుగు వైపులా బిగిస్తే అలలు లేస్తాయి. గాజు కాగితానికి తగలకూడదు. మౌంట్ కిటికీ సంతకాలను, నంబరును కప్పకుండా కొలిపించండి. పెన్సిల్ వెలుగుకు తట్టుకుంటుంది గానీ అచ్చు రంగులు, ఫెల్ట్ పెన్ సంతకాలు వెలిసిపోతాయి, కాబట్టి ఎండపడే గోడ వద్దు.

గొట్టంలో చుట్టి వచ్చిన ప్రింటును వెనక్కి చుట్టి సాపు చేయబోతే అర్ధచంద్రాకారపు మడతలు పడతాయి, అవి పోవు. శుభ్రమైన బల్ల మీద బొమ్మ పైకి ఉండేలా పరిచి, పైన ఆమ్లం లేని కాగితం, దాని మీద చదునైన బోర్డు, తేలికపాటి బరువు పెట్టి ఒకట్రెండు రోజులు వదిలేయండి. సర్టిఫికెట్‌ను ఫ్రేము వెనక అంటించకుండా పాలిస్టర్ కవర్లో విడిగా దాచండి, దాని మీద నంబరు ప్రింటు మీది నంబరుతో సరిపోయిందో లేదో అప్పుడే చూసుకోండి.