పొత్తుల పాఠాలు – 3: రక్షణ ఒప్పందాన్ని చదవడం ఎలా?

గత పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చాను. 1971 ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్ కుదుర్చుకున్న ఒప్పందం సైనిక కూటమి కిందికి వస్తుందా? రాదు. దాని 9వ అధికరణం ప్రకారం ఇద్దరిలో ఎవరిపై దాడి జరిగినా, దాడి ముప్పు ఏర్పడినా వెంటనే సంప్రదించుకోవాలి, ముప్పు తొలగేలా తగిన చర్యలు తీసుకోవాలి. సైన్యాన్ని పంపుతామన్న మాట అందులో లేదు. అయినా అదే ఏడాది డిసెంబరు యుద్ధంలో ఆ స్నేహం భారత్‌ను ఆదుకుంది. కాల్పుల విరమణ కోరుతూ భద్రతా మండలికి వచ్చిన తీర్మానాలను సోవియట్ యూనియన్ వీటో చేసింది. ఒప్పందంలో రాసుకున్నదీ, అవసరానికి అందే సాయమూ ఒకటి కావు. వాటి మధ్య ఎంత తేడా ఉండొచ్చో ముందే అంచనా వేయడం ఈసారి నేర్చుకుందాం.

వార్తల్లో తరచూ వినిపించే మాట 'ఒకరిపై దాడి జరిగితే అందరిపై జరిగినట్టే'. ఇది కనబడగానే అక్కడే ఆగండి. అసలు ఒప్పందం తెరిచి చూడండి. చాలావరకు ఇవి నాలుగైదు పేజీలకు మించవు. చదువుతూ కొన్ని ప్రశ్నలు వేసుకోండి. దాడి ఎక్కడ జరిగితే లెక్కలోకి వస్తుంది? దేని మీద జరగాలి? అది దాడా కాదా అని తేల్చేది ఎవరు? తేలాక మిత్రదేశం కచ్చితంగా చేయాల్సింది ఏమిటి?

నాటోతో మొదలుపెడదాం. 1949 ఏప్రిల్ 4న 12 దేశాలు సంతకం చేసిన ఒప్పందం అది. పైన చెప్పిన 'ఒకరిపై దాడి అందరిపై దాడే' అనే మాట ఉన్న 5వ అధికరణం అందరికీ తెలుసు, 6వ అధికరణం మాత్రం ఎవరూ చదవరు. ఎక్కడ అనే ప్రశ్నకు జవాబు ఆ 6లోనే ఉంది: యూరప్, ఉత్తర అమెరికా, తుర్కియే, ఉత్తర అట్లాంటిక్‌లో కర్కటరేఖకు ఉత్తరాన ఉన్న దీవులు. అందుకే 1982లో దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ ఏలుబడిలో ఉన్న ఫాక్‌లాండ్ దీవులను అర్జెంటీనా ఆక్రమించినప్పుడు బ్రిటన్ నాటో సభ్యదేశమే అయినా 5వ అధికరణం ప్రస్తావన రాలేదు. అమెరికా రాష్ట్రమైన హవాయి కూడా ఈ గీతకు బయటే ఉంది. ఇక 5వ అధికరణంలో కూడా ప్రతి సభ్యదేశం 'తాను అవసరమని భావించిన చర్య' తీసుకోవాలనే ఉంది. సాయుధ బలం వాడడం ఆ చర్యల్లో ఒకటి మాత్రమే. ఈ అధికరణాన్ని ఇప్పటివరకు ఒక్కసారే, 2001 సెప్టెంబరు 12న అమలులోకి తెచ్చారు. అదీ అమెరికా కోసం. ఆ తర్వాత నాటో నిఘా విమానాలు కొన్ని నెలలపాటు అమెరికా గగనతలంలో కాపలా కాశాయి. చిన్న దేశాల రక్షణ కోసం రాసుకున్న హామీ మొదట పెద్దన్నకే ఉపయోగపడింది.

ఇప్పుడు ఫిలిప్పీన్స్ దగ్గర కాసేపు ఆగుదాం. ఈ విద్య నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

1951 ఆగస్టు 30న అమెరికా, ఫిలిప్పీన్స్ పరస్పర రక్షణ ఒప్పందంపై సంతకాలు చేశాయి. పసిఫిక్ ప్రాంతంలో ఒకరిపై సాయుధ దాడి జరిగితే అది తన భద్రతకూ ప్రమాదమని రెండో దేశం గుర్తిస్తుంది, 'తన రాజ్యాంగ ప్రక్రియల ప్రకారం' ఆ ప్రమాదాన్ని ఎదుర్కొంటుంది. నాలుగో అధికరణం చెప్పేది ఇదే. అంటే వాషింగ్టన్‌లో చర్చ జరగాలి, నిర్ణయం జరగాలి. ఐదో అధికరణం సాయుధ బలగాలను, ప్రభుత్వ నౌకలను, విమానాలను కూడా దాడి పరిధిలోకి తెచ్చింది. మరి దక్షిణ చైనా సముద్రం పసిఫిక్‌లో భాగమేనా? తీరరక్షక దళం ఓడలు లెక్కలోకి వస్తాయా? దశాబ్దాలపాటు ఇక్కడ అనుమానమే. దక్షిణ చైనా సముద్రం పసిఫిక్‌లో భాగమేనని 2019లో అమెరికా విదేశాంగ మంత్రి మైక్ పాంపియో మనీలాలో ప్రకటించారు. కోస్ట్‌గార్డ్ ఓడలూ వస్తాయని 2023 మేలో రెండు దేశాలూ మార్గదర్శకాల్లో రాసుకున్నాయి. 1951 నాటి ఒప్పందంలో ఒక్క అక్షరం మారలేదు, దాని అర్థం మాత్రం విస్తరించింది. కాబట్టి ఒప్పందంతో పాటు దానిపై తర్వాత వచ్చిన వివరణలు కూడా చదవాలి.

దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్, చైనా రెండూ తమదేనంటున్న దిబ్బ సెకండ్ థామస్ షోల్. అక్కడ ఒక తుప్పుపట్టిన ఓడ ఉంది. పేరు సియెర్రా మాద్రే. రెండో ప్రపంచ యుద్ధకాలం నాటి ఆ ఓడను 1999లో ఫిలిప్పీన్స్ కావాలనే అక్కడి దిబ్బ మీదికి ఎక్కించింది. కొద్దిమంది మెరైన్లు అందులో కాపలా ఉంటారు. అది ఇక కదల్లేదు, అయినా నౌకాదళం జాబితాలోంచి దాన్ని తీసేయలేదు. ఎందుకో మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది: జాబితాలో ఉన్నంతకాలం అది ప్రభుత్వ నౌకే, ఐదో అధికరణం దానికీ వర్తిస్తుంది.

2024 జూన్ 17న ఆ ఓడకు సరుకులు తీసుకెళ్తున్న పడవలను చైనా కోస్ట్‌గార్డ్ సిబ్బంది కత్తులు, గొడ్డళ్లతో అడ్డుకున్నారు. ఆ పెనుగులాటలో ఒక ఫిలిప్పీన్స్ నావికుడి బొటనవేలు తెగిపోయింది. మరి ఇది సాయుధ దాడేనా? మొదట మనీలాలో ఒక ఉన్నతాధికారి ఇది బహుశా అపార్థం, ప్రమాదం కావచ్చన్నారు. ఆ తర్వాత రక్షణ మంత్రి ఇది కావాలని చేసిన దౌర్జన్యమే అన్నారు. చివరికి అధ్యక్షుడు మార్కోస్ కావాలనే చేశారని ఒప్పుకుంటూనే, సాయుధ దాడి అనడానికి మాత్రం ఇష్టపడలేదు. నాకు ఇది పిరికితనంగా అనిపించదు. సాయుధ దాడి అంటే నాలుగో అధికరణాన్ని కదిపినట్టే. కదిపాక అమెరికా వెనకాడితే ఒప్పందం విలువ పడిపోతుంది. ముందుకొస్తే యుద్ధం తమ గుమ్మంలోకే వస్తుంది. ఆ ఇరకాటంలో ఉన్న దేశం మాటలు ఆచితూచి వాడక తప్పదు. జులైలో మనీలా, బీజింగ్ సరుకుల రవాణాపై తాత్కాలిక అవగాహనకు వచ్చాయి.

మిత్రుడు వదిలేస్తాడేమోనన్న భయం, మిత్రుడి గొడవలోకి మనల్ని లాగుతాడేమోనన్న భయం. పొత్తులో ఉన్న ప్రతి చిన్న దేశానికీ ఈ రెండూ ఉంటాయి. ఏ భయం ఎక్కువగా ఉందో తెలియాలంటే స్థావరాల మ్యాప్ చూడండి. 1991లో ఫిలిప్పీన్స్ సెనేట్ 12–11 ఓట్లతో అమెరికా స్థావరాల కొనసాగింపును తిరస్కరించింది. మరుసటి ఏడాది సుబిక్ బేలోని అమెరికా నౌకాదళ స్థావరం ఖాళీ అయింది. 1995లో దక్షిణ చైనా సముద్రంలో ఫిలిప్పీన్స్ తనదంటున్న మిస్చీఫ్ రీఫ్ అనే దిబ్బ చైనా చేతిలోకి పోయింది. ఒకటి జరగబట్టే రెండోది జరిగిందని అనలేం గానీ, మనీలా వాటిని కలిపే గుర్తుపెట్టుకుంది. రెండు దేశాల మధ్య 2014లో కుదిరిన రక్షణ సహకార ఒప్పందం తర్వాత అమెరికా బలగాలకు ఐదు చోట్ల ప్రవేశం దొరికింది, 2023లో మరో నాలుగు చేరాయి. ఆ నాలుగింటిలో మూడు ఫిలిప్పీన్స్‌లోని లుజాన్ దీవి ఉత్తర భాగంలో ఉన్నాయి, అంటే తైవాన్ వైపు. వదిలేస్తారన్న భయం తగ్గించుకోవడానికి ఫిలిప్పీన్స్ రెండో భయాన్ని కొంత నెత్తిన వేసుకుంది.

ఒప్పందంలో మాటలు గట్టిగా ఉన్నాయని ధీమా పడకండి. రష్యా నాయకత్వంలోని సీఎస్‌టీఓ (సామూహిక భద్రతా ఒప్పంద సంస్థ) కూటమి ఒప్పందం 4వ అధికరణం చదివితే నాటో కంటే గట్టిగా కనిపిస్తుంది: దాడికి గురైన సభ్యదేశం అడిగితే మిగతావాళ్లు సైనిక సాయంతో సహా అవసరమైన సాయం వెంటనే అందించాలి. 2022 సెప్టెంబరులో అజర్‌బైజాన్ దాడి చేసినప్పుడు ఆర్మీనియా అడిగింది. వచ్చింది పరిస్థితిని పరిశీలించే బృందం. 2024 ఫిబ్రవరిలో ఆర్మీనియా తన సభ్యత్వాన్ని స్తంభింపజేసినట్టు ప్రధాని పషిన్యాన్ చెప్పారు.

ఈసారి అభ్యాసం: అమెరికా, జపాన్‌ల మధ్య 1960 నాటి భద్రతా ఒప్పందం 5వ అధికరణం చదవండి. అందులో 'జపాన్ పరిపాలన కింద ఉన్న భూభాగాలు' అని ఉంటుంది. సెంకాకు దీవులు, దక్షిణ కురిల్ దీవులు రెండూ తనవేనని జపాన్ అంటోంది. మొదటివి ఇప్పుడు జపాన్ చేతిలో ఉన్నాయి, అవి తనవని చైనా కూడా అంటోంది; రెండోవి రష్యా చేతిలో ఉన్నాయి. వీటిలో ఏవి ఈ అధికరణం కిందికి వస్తాయి? చైనా నౌకలు సెంకాకు చుట్టూ అదేపనిగా ఎందుకు తిరుగుతాయి? మీ జవాబు ఒక పేరా రాసి పెట్టుకోండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.