మూడు థయోళ్లను వేరుచేసే కార్బన్ డాట్ల అర్రే: ప్లేట్ నింపే ముందు

ఇంగువ పోపు వేస్తే వీధి చివరిదాకా తెలిసిపోతుంది. అలాగని మన ముక్కులో ఇంగువ కోసమే ఒక గ్రాహకం లేదు. ఉన్న దాదాపు 400 రకాల గ్రాహకాల్లో కొన్ని ఎక్కువ, కొన్ని తక్కువ స్పందిస్తాయి, ఆ మొత్తం తీరును మెదడు గుర్తుపడుతుంది. ఫ్లోరసెంట్ సెన్సర్ అర్రే, అంటే వెలుగులో మార్పుతో స్పందించే కొన్ని సెన్సర్ల సమూహం, చేసే పనీ అదే.

నేను చెన్నై తరమణిలో పీహెచ్‌డీ చేస్తున్నాను. ప్రాజెక్టుకు వచ్చే మన పిల్లలతో మొదట చేయించేది సిస్టీన్, హోమోసిస్టీన్, గ్లూటాథయోన్‌లను వేరుచేయడం. మూడింటిలోనూ థయోల్ (గంధకం, హైడ్రోజన్ జత, SH) ఉంది, అందుకే వీటిని థయోళ్లు అంటాం. హోమోసిస్టీన్‌లో సిస్టీన్ కంటే ఒక్క మిథిలీన్ (CH2) ఎక్కువ, అంతే. అయినా రక్తంలో హోమోసిస్టీన్ పెరిగితే డాక్టర్లు బీ12, ఫోలేట్ లోపం ఉందేమోనని చూస్తారు. అంత చిన్న తేడాకు అంత విలువ ఉంది.

మన సెన్సర్లకు వాడేది కార్బన్ డాట్లు, అంటే యూవీ కాంతి పడితే వెలిగే అతి చిన్న కార్బన్ కణాలు. వీటి తయారీ తేలికే. 1.05 గ్రాముల సిట్రిక్ యాసిడ్, 335 మైక్రోలీటర్ల ఎథిలీన్‌డయమీన్, 10 మిల్లీలీటర్ల నీళ్లు. టెఫ్లాన్ ఆటోక్లేవ్‌లో (గట్టిగా మూత బిగించే ఒత్తిడి పాత్రలో) 200 డిగ్రీల దగ్గర 5 గంటలు. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి. పల్చటి బెల్లం పాకంలా ఉండే ద్రవం వస్తుంది. రిచ్ స్ట్రీట్‌లో కొన్న 365 నానోమీటర్ల యూవీ టార్చ్ దాని మీద వేస్తే సీసా అంతా నీలంగా వెలుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఎథిలీన్‌డయమీన్ బదులు యూరియాతో రెండో రకం డాట్లు చేసుకోండి. రెండింటినీ డయాలిసిస్ చేసి (పొర గుండా చిన్న అణువులను బయటికి పంపేసి), 360 నానోమీటర్ల దగ్గర అబ్సార్బెన్స్ (కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే కొలత) 0.1 కంటే తగ్గేదాకా పలచన చేయాలి. చిక్కగా ఉంటే డాట్లు తమ వెలుగును తామే మింగేస్తాయి.

ఇప్పుడు ఒక్కో రకం డాట్లకు విడివిడిగా రాగి అయాన్లు, వెండి అయాన్లు కలపండి. లోహం చేరగానే వెలుగు తగ్గాలి. మీ డాట్లతో నిజంగా తగ్గుతుందో లేదో ముందే చూసుకోండి. థయోల్ వచ్చి లోహాన్ని లాక్కుంటే వెలుగు తిరిగొస్తుంది. ఎంత తిరిగొచ్చిందన్నదే మన కొలత. రెండు డాట్లు, రెండు లోహాలు కలిస్తే నాలుగు సెన్సర్లు.

బఫర్‌కి, అంటే పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణానికి, హెపెస్ వాడండి. ఫాస్ఫేట్ అయితే లోహాలను పట్టేసుకుంటుంది. సిస్టీన్ సీసా లేబుల్ కూడా చదవండి. అది హైడ్రోక్లోరైడ్ రకమైతే అందులోని క్లోరైడ్ వెండితో కలిసి ప్లేట్ బావిలో (ద్రావణం పోసే చిన్న గుంటలో) తెల్లటి మబ్బు కడుతుంది. థయోల్ ద్రావణాలు ఏ రోజుకారోజు కలుపుకోవాలి, గాలి తగిలితే ఆక్సీకరణం చెందుతాయి.

నేను దెబ్బతిన్నది ఈ తర్వాతి మెట్టు దగ్గర. మొదటిసారి సోమవారం సిస్టీన్, మంగళవారం హోమోసిస్టీన్, బుధవారం గ్లూటాథయోన్ కొలిచాను. ఎల్‌డీఏ (కొలతలను బట్టి నమూనాలను గుంపులుగా విడదీసే గణాంక పద్ధతి) గ్రాఫ్‌లో మూడు గుంపులు మూడు మూలలకు విడిపోయాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తర్వాత ఒక స్నేహితురాలు పేర్లు చెప్పకుండా 12 నమూనాలు కలిపిచ్చింది. నాలుగే సరిగ్గా చెప్పగలిగాను. గుడ్డిగా చెప్పినా అన్నే వస్తాయి. వెలుగు గది వేడికి మారుతుంది, మే నెలలో మా ఏసీ ఒక్కోరోజు ఒక్కోలా పనిచేసింది. నా అర్రే గుర్తుపట్టింది థయోళ్లను కాదు, కొలిచిన రోజులను.

అందుకే అన్నీ ఒకే రోజు, ఒకే నల్ల ప్లేట్‌లో చేయండి. మూడు థయోళ్లు, ఒక ఖాళీ (థయోల్ కలపనిది), నాలుగు సెన్సర్లు, ఒక్కోదానికి ఆరుసార్లు: సరిగ్గా 96 బావులు. ఏది ఏ బావిలోకి వెళ్లాలో చీటీలు తీసి రాసుకోండి, వరసగా నింపొద్దు. అంచు బావులు త్వరగా ఆరిపోతాయి. ఒకే థయోల్ అంచున పడితే మళ్లీ నా కథే. ప్లేట్ వెలుగును కొలిచే మా రీడర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు, కాబట్టి 30 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు ఆగి కొలుస్తాం. ప్రతి విలువనూ అదే సెన్సర్ ఖాళీ బావుల సగటుతో భాగించాకే ఎల్‌డీఏకి ఇవ్వండి.

ఇలా చేసినప్పుడు గుంపులు దగ్గరికి జరిగాయి. "అక్కా, గ్రాఫ్ పాడైపోయింది" అని మా జూనియర్ దిగులుపడింది. కానీ పేర్లు దాచిన 12లో పది సరిగ్గా వచ్చాయి. తప్పిన రెండూ సిస్టీన్ అనుకున్న హోమోసిస్టీన్లే. ఇప్పుడు ఆ రెండింటిని విడదీసే మూడో రకం డాట్ కోసం వెతుకుతున్నాం.