సెల్ఫ్ పడట్లేదా? తాళం మార్చే ముందు దాని వెనక స్విచ్ చూడండి

పోయిన ఎండాకాలం పానగల్‌లో ఛాయా సోమేశ్వరుణ్ణి దర్శించుకుని బయటికొచ్చి బండి తీద్దామంటే సెల్ఫ్ పడలేదు. మాది 1998 మోడల్ మారుతి 800. తాళంచెవి తిప్పితే 'టక్' అన్న చప్పుడు కూడా లేదు, డాష్‌బోర్డు లైట్లు మాత్రం నిండుగా వెలుగుతున్నాయి. అక్కడున్న ఇద్దరు పిల్లలు తోస్తే సెకండ్ గేర్‌లో వెంటనే అందుకుంది.

తోస్తే స్టార్టయిందంటే సగం జబ్బు దొరికినట్టే. తాళం వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్ లోపల, చెవి తిరిగే కొద్దీ ఒక్కో వైరుకు కరెంటు ఇచ్చే రాగి బిళ్లలు ఉంటాయి. ఆన్‌లో ఇంజిన్‌కు, స్టార్ట్‌లో సెల్ఫ్ మోటారుకు. మా బండిలో ఆన్ బిళ్ల బాగుంది, స్టార్ట్ బిళ్ల పోయింది.

చెవి పట్టుకున్నంతసేపు ఇంజిన్ తిరిగి, వదలగానే ఆగిపోతుంటే ఆన్ బిళ్లను అనుమానించండి. గుంతలో పడగానే బండి ఆగి, చెవి కదిలిస్తే మళ్లీ లైట్లొచ్చినా అదే. దీన్ని మాత్రం రేపు చూద్దామని వదిలేయకండి. చెవి ఆన్ నుంచి జారి ఇంజిన్ ఆగిపోవడం, ఎయిర్‌బ్యాగులు తెరుచుకోకపోవడం వల్ల అమెరికాలో ప్రాణాలే పోయాయి. 2014లో జనరల్ మోటార్స్ లక్షల కార్లను వెనక్కి పిలిచింది. స్టార్టయ్యాక చెవి తనంతట తాను వెనక్కి రాకపోతే వెంటనే చేత్తో తిప్పండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

డబ్బు ఖర్చు పెట్టే ముందు మీటర్ పెట్టండి. నిలబడి ఉన్న బండిలో బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గకూడదు. తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, సెల్ఫ్ మోటారుకు వెళ్లే సన్న వైరు దగ్గర టెస్ట్ లైట్ పట్టుకుని ఇంకొకరితో చెవి తిప్పించండి. లైట్ వెలిగినా మోటారు తిరగకపోతే జబ్బు మోటారులోనో దాని లావు వైరులోనో ఉంది. వెలగకపోతే స్విచ్ దాకా పోవాలి.

షాపులో చాలామంది తాళం సెట్టు మొత్తం మార్చాలంటారు. నా మాట వినండి, చెవి బాగా తిరుగుతుంటే ఆ అవసరం లేదు. తాళాన్ని పట్టి ఉంచే బోల్టుల తలలు బిగించేటప్పుడే తెగిపోయేలా చేస్తారు, విప్పాలంటే డ్రిల్ కావాలి. వెనక ఉండే స్విచ్ ముక్క మాత్రం స్క్రూతో వచ్చేస్తుంది.

ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. స్టీరింగ్ కింది కవర్ విప్పి, వైర్ల కప్లర్‌ను (వైర్లన్నీ స్విచ్‌కు కలిసే ప్లాస్టిక్ ప్లగ్) ఫోటో తీసుకోండి. కప్లర్ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంటే కొత్త స్విచ్ వేసినా నిలవదు, కప్లర్ కూడా మార్చాల్సిందే. పాత ముక్క తీసేటప్పుడు చెవి ఏ స్థానంలో ఉందో గుర్తు పెట్టుకుని, కొత్తదాని గాడిని కూడా అలాగే తిప్పి కూర్చోబెట్టండి.

మా పాత స్విచ్ విప్పి చూశాను. స్టార్ట్ బిళ్ల మీద మెంతిగింజంత నల్లటి గుంట. గ్రీజు మన ఎండలకు ఎండి పొరలు పొరలుగా ఊడుతోంది. కారణం వయసొక్కటే కాదు, పాత ఓనర్ ఎక్స్‌ట్రా లైట్ల కరెంటంతా ఆ స్విచ్ మీదుగానే లాగాడు. ఆ భారం స్విచ్ మీద పడకుండా వాటికి ఫ్యూజ్‌తో వేరే రిలే (కొద్ది కరెంటుతో ఎక్కువ కరెంటును కలిపే స్విచ్) పెట్టించాను. బరువుకు చెవి జారకుండా ఇంటి తాళాల గుత్తి కూడా కారు చెవికి తగిలించడం మానేశాను.